బటన్ నొక్కక ముందే

ఆస్ట్రేలియాలో స్లాట్ మెషీన్‌ను పోకర్ మెషీన్ అంటారు, వాడుకలో పోకీ. సిడ్నీలోనో దాని చుట్టుపక్కల ఊళ్లలోనో దీన్ని ఆడటానికి పెద్ద క్యాసినో దాకా వెళ్లనక్కర్లేదు. కుటుంబంతో భోజనానికి వెళ్లే క్లబ్బులో, వారాంతంలో స్నేహితులు కలుసుకునే పబ్బులో, పక్క గదిలోనే ఇవి వరసగా వెలుగుతూ ఉంటాయి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1956లోనే క్లబ్బుల్లో వీటిని చట్టబద్ధం చేసింది. ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలోనే ఎనభై వేలకు పైగా యంత్రాలు ఉన్నాయి. విక్టోరియా 1991లో తలుపులు తెరిచింది. పశ్చిమ ఆస్ట్రేలియా మాత్రం వీటిని పబ్బుల్లోకి గానీ క్లబ్బుల్లోకి గానీ రానివ్వలేదు, పెర్త్‌లోని ఒక్క క్యాసినోకే పరిమితం చేసింది. తలసరిన జూదంలో పోగొట్టుకునే సొమ్ములో ఆస్ట్రేలియా ప్రపంచంలోనే ముందుంది. ఏటా పోయే మొత్తం 2,500 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైమాటే, అందులో పెద్ద వాటా పోకీలదే.

2021 జనగణన నాటికే ఆ దేశంలో తెలుగు మాట్లాడేవారు యాభై వేలు దాటారు. చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన తెలుగువారికి జూదమంటే ముందుగా తట్టేది పేకాట. రమ్మీలో చేతికొచ్చే ముక్కలు అదృష్టమే అయినా, ఏది దాచుకోవాలి, ఏది పారెయ్యాలి అన్నది ఆడేవారి తెలివిని బట్టి ఉంటుంది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లో ఈ మాటే చెప్పింది, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని. స్లాట్ మెషీన్‌లో ఆ నైపుణ్యానికి చోటే లేదు. ఎదుట మనిషి లేడు, గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క లేదు, ఏళ్ల తరబడి ఆడితే వచ్చే మెలకువ లేదు. పదేళ్లుగా ఆడుతున్నవారికీ ఈరోజే కూర్చున్నవారికీ ఫలితం ఒకే లెక్క ప్రకారం వస్తుంది. ఆ లెక్క తెలియకపోతే పేకాట బల్ల దగ్గర అలవాటైన నమ్మకాలన్నీ యంత్రం ముందుకూ వచ్చేస్తాయి. ఇంతసేపు పోయింది కాబట్టి ఇక రావాలి అనిపిస్తుంది, ఈ సీటు కలిసొచ్చింది అనిపిస్తుంది. అందుకే జాగ్రత్తల కంటే ముందు యంత్రం సంగతి తెలుసుకోవాలి.

యంత్రం లోపలి లెక్క

చార్లెస్ ఫే అనే మెకానిక్ 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘లిబర్టీ బెల్’ అనే యంత్రాన్ని తయారుచేశాడు. దానికి మూడు చక్రాలు. వాటి మీద గుర్రపు లాడం, డైమన్, ఇస్పేటు, ఆఠీన్, పగిలిన గంట బొమ్మలు. మూడు చక్రాల మీదా గంట బొమ్మ పడితే 50 సెంట్లు వచ్చేవి. పక్కనున్న లివర్ లాగితే లోపల స్ప్రింగులు, పళ్లచక్రాలు కదిలేవి. ఆ కాలంలో కంటికి కనిపించేదే నిజం. చక్రం మీద బొమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టగలిగితే, ఏ బొమ్మ పడటానికి ఎంత అవకాశం ఉందో కూడా తెలిసిపోయేది.

ఆ సంబంధాన్ని తెంచింది 1984లో ఇంగె టెల్నెస్ పేరిట అమెరికాలో నమోదైన పేటెంట్. దాని ప్రకారం ఎక్కడ ఆగాలో చక్రం నిర్ణయించదు. లోపలి చిప్ ఒక అంకెను ఎంచుతుంది, ఆ అంకెకు కేటాయించిన చోట చక్రం ఆగుతుంది. కంటికి కనిపించే చక్రం మీద 22 స్థానాలే ఉన్నా చిప్ లోపల 64 అంకెలు పెట్టుకోవచ్చు. పెద్ద బహుమతి బొమ్మకు వాటిలో ఒక్క అంకెనే ఇస్తే, ఆ బొమ్మ మూడు చక్రాల మీదా ఒకేసారి పడే అవకాశం 2,62,144లో ఒకటి. చక్రాన్ని చూసి లెక్కేసుకునేవారికి అది 10,648లో ఒకటిగా కనిపిస్తుంది. నిజానికీ కంటికీ మధ్య తేడా ఇరవై నాలుగు రెట్ల పైమాటే. మిగిలిన అంకెల్లో ఎక్కువ వాటిని బహుమతి బొమ్మకు పైనా కిందా ఉన్న ఖాళీ స్థానాలకు ఇస్తే, బహుమతి వెంట్రుకవాసిలో తప్పిపోయినట్టు మాటిమాటికీ కనిపిస్తుంది. అది తప్పిపోలేదు. అలా కనిపించేలా అంకెలు పంచారు.

ఇప్పటి యంత్రాల్లో చాలావాటికి నిజమైన చక్రాలే లేవు, అన్నీ తెర మీది బొమ్మలు. ఆస్ట్రేలియాలో బాగా ప్రచారంలో ఉన్న ‘డాల్ఫిన్ ట్రెజర్’ అనే పోకీ విషయంలో ఒక మహిళ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. తెర మీద ఐదు చక్రాలూ ఒకేలా కనిపిస్తాయి గానీ, నాలుగింటి మీద 30 చొప్పున బొమ్మలు, ఐదోదాని మీద 44 ఉన్నాయని, దానివల్ల ఆడేవారు మోసపోతున్నారని ఆమె వాదన. 2018 ఫిబ్రవరిలో కోర్టు ఆ కేసును కొట్టేసింది. చట్టం దృష్టిలో అది మోసం కాకపోవచ్చు. కానీ ఐదో చక్రం మీద బొమ్మలు ఎక్కువ ఉన్నాయన్న సంగతి, కేసు వేయకపోతే, ఆ యంత్రం ముందు గంటలు గంటలు గడిపినవారిలో చాలామందికి ఎప్పటికీ తెలిసి ఉండేది కాదు.

ఫలితాన్ని నిర్ణయించే చిప్ ఎవరూ ఆడకపోయినా ఆగదు, క్షణానికి ఎన్నోసార్లు అంకెలు మారుస్తూనే ఉంటుంది. బటన్ నొక్కిన క్షణంలో ఏ అంకె ఉందో దానితోనే ఆట ముగిసిపోతుంది. తర్వాత తెర మీద తిరిగేదంతా ప్రదర్శన మాత్రమే. కిందటి స్పిన్‌లో ఏం జరిగిందన్నది చిప్‌కు పట్టదు. వంద స్పిన్లు వరసగా పోయినా నూట ఒకటోదాని అవకాశం వెంట్రుకంతైనా పెరగదు. తాము లేచి వెళ్లిన సీట్లో కూర్చున్నవారికి వెంటనే పెద్ద బహుమతి తగిలితే, ఇంకాసేపు ఉంటే అది తమకే వచ్చేదని బాధపడేవారు చాలామంది ఉంటారు. వారు అక్కడే ఉన్నా బటన్ నొక్కే క్షణం వేరై ఉండేది, ఫలితమూ వేరై ఉండేది.

ఇక డబ్బు లెక్క. ప్రతి యంత్రానికీ తిరిగి చెల్లించే శాతం ఒకటి ఉంటుంది. న్యూ సౌత్ వేల్స్‌లో అది కనీసం 85 ఉండాలని నిబంధన. తొంభై శాతం అనగానే వంద డాలర్లతో వెళితే తొంభై జేబులో పెట్టుకుని రావచ్చని చాలామంది అనుకుంటారు. ఆ శాతం జేబులోని సొమ్ముకు కాదు, ప్రతి పందేనికీ వర్తిస్తుంది. గెలిచింది తీసుకుని లేచి వచ్చేవారు అరుదు, అది మళ్లీ పందెంలోకే వెళుతుంది. వంద మొత్తం ఒకసారి తిరిగితే సగటున తొంభై మిగులుతుంది. ఆ తొంభై తిరిగితే ఎనభై ఒకటి. అలా పదిసార్లు తిరిగేసరికి ముప్పై ఐదు డాలర్లు, ఇరవైసార్లకు పన్నెండు. చిల్లి కుండలో నీళ్లు ఎత్తి పోసినట్టు, ఒక్కోసారీ కొంచెమే కారినా చివరికి కుండ ఖాళీయే. మధ్యలో ఎప్పుడో పెద్ద గెలుపు రావచ్చు, కొందరు ఆ రోజు లాభంతోనే ఇంటికి పోవచ్చు. కానీ ఆట సాగేకొద్దీ సగటు తన పని తాను చేసుకుపోతుంది.

ఒక్కో స్పిన్‌కు ఒక డాలరు, ఐదు సెకన్లకో స్పిన్ చొప్పున ఆడితే గంటకు 720 స్పిన్లు. తొంభై శాతం యంత్రం మీద గంటకు సగటు నష్టం 72 డాలర్లు. న్యూ సౌత్ వేల్స్ పబ్బుల్లో, క్లబ్బుల్లో ఒక్క స్పిన్‌కు పది డాలర్ల దాకా పెట్టవచ్చు. ఆ లెక్కన అదే వేగంతో గంటకు 720 డాలర్లు. ఇంకా వేగంగా నొక్కేవారు గంటలో 1,500 డాలర్లు పోగొట్టుకోవడం తేలికేనని ఆస్ట్రేలియా ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2010 నివేదికలో రాసింది. వారమంతా రాత్రిపూట రెస్టారెంటులో గిన్నెలు తోమో, గోదాములో పెట్టెలు మోసో సంపాదించిన జీతం ఒక్క గంటలో ఆవిరయ్యే వేగం ఇది.

మనసు మీద ఎలా పని చేస్తుంది

ఇంత నష్టం కళ్లముందే జరుగుతున్నా లేవబుద్ధి ఎందుకు కాదన్న ప్రశ్నకు జవాబు ఆడేవారి బలహీనతలో కంటే యంత్రం తీర్చిదిద్దిన తీరులోనే ఎక్కువగా దొరుకుతుంది. బి. ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే, ఆకలి తీరాక పావురం ఆపేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా, ఎన్నో పోట్లకు ఒకసారి వస్తే మాత్రం గింజలు పూర్తిగా ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. స్లాట్ మెషీన్ బహుమతులు వచ్చేది సరిగ్గా ఈ పద్ధతిలోనే.

దీని మీద ఇంకో పొర ఉంది. ఇప్పటి యంత్రాల్లో ఒకేసారి ఇరవై, ముప్పై గీతల మీద పందెం కాయవచ్చు. ఇరవై గీతల మీద ఐదేసి సెంట్ల చొప్పున ఒక డాలరు పెడితే, ఏదో ఒక గీత మీద ముప్పై సెంట్లు వచ్చాయనుకుందాం. వెంటనే దీపాలు మెరుస్తాయి, సంగీతం మోగుతుంది, తెర మీద నాణేలు కురుస్తాయి. జరిగింది డెబ్బై సెంట్ల నష్టం, మెదడుకు చేరింది గెలుపు వార్త. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఇలాంటి సందర్భాల్లో ఆడేవారి చర్మ స్పందనలు కొలిచారు. మారువేషంలో వచ్చిన ఈ నష్టాలకు శరీరం అసలు గెలుపుకు స్పందించినట్టే స్పందించింది. బ్రిటన్ 2021 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ స్లాట్లలో ఇలాంటి నష్టాలకు సంబరం చేయడాన్ని నిషేధించింది. ఒక్కో స్పిన్‌కు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలని కూడా షరతు పెట్టింది.

కాస్తలో తప్పిపోయిన బహుమతి ప్రభావం కూడా ఇలాంటిదే. 2009లో లూక్ క్లార్క్ బృందం మెదడు స్కానింగ్ సాయంతో చూసినప్పుడు, వెంట్రుకవాసిలో తప్పిన ఫలితాలు గెలుపు సమయంలో చురుగ్గా ఉండే మెదడు భాగాలనే కదిలించాయి. అందులో పాల్గొన్నవారు వాటిని ఇష్టపడలేదు గానీ, మళ్లీ ఆడాలన్న కోరిక మాత్రం పెరిగింది.

మానవ శాస్త్రవేత్త నటాషా డౌ షుల్ లాస్‌వేగాస్‌లో ఏళ్ల తరబడి స్లాట్ మెషీన్లు ఆడేవారితో మాట్లాడి 2012లో ‘అడిక్షన్ బై డిజైన్’ అనే పుస్తకం తెచ్చారు. వారిలో చాలామంది గెలవడానికి ఆడటం లేదని ఆమె గమనించారు. వారికి కావలసింది కాలం, డబ్బు, ఇంటి చింతలు, చివరికి తమ ఒళ్లు కూడా తెలియని ఒక మైకం. పెద్ద బహుమతి వస్తే ఆ మైకం చెదిరిందని విసుక్కునేవారు కూడా ఉన్నారు. పరదేశంలో ఒంటరితనం, రాత్రి షిఫ్టులు, అప్పు చేసి కట్టిన ఫీజుల ఒత్తిడి ఉన్నవారికి ఈ మైకం ఎందుకు హాయిగా ఉంటుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అర్ధరాత్రి దాటినా దీపాలు వెలుగుతూ, ఎవరూ ఏమీ అడగని చోటు అది.

కూర్చోక ముందే చేయాల్సినవి

ఈ సంగతులన్నీ చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. యంత్రం ముందు కూర్చున్నాక మనిషి నిర్ణయశక్తి అతి బలహీనంగా ఉంటుంది. కాబట్టి నిర్ణయాలన్నీ అక్కడికి వెళ్లకముందే, ఇంటి దగ్గరే జరగాలి. వంద పోయాక ఆపేద్దామని అక్కడ కూర్చుని అనుకునే హద్దు నిలవదు. వంద మాత్రమే నోట్ల రూపంలో తీసుకుని, బ్యాంకు కార్డులు ఇంట్లో పెట్టి వెళితే నిలుస్తుంది.

ఎంత అన్న ప్రశ్నకు కెనడాలో 2021లో వెలువడిన మార్గదర్శకాలు ఒక స్పష్టమైన కొలత ఇచ్చాయి. జూదానికి ఖర్చు నెలకు కుటుంబ ఆదాయంలో, పన్నుకు ముందు లెక్కన, ఒక శాతం మించకూడదు. నెలలో నాలుగు రోజులకు మించి ఆడకూడదు. రెండు రకాలకు మించిన జూదాలు అలవాటు చేసుకోకూడదు. నెలకు 5,000 డాలర్లు వచ్చే ఇంట్లో ఇది 50 డాలర్లు. ఆ యాభైని సినిమా టికెట్ కొన్నట్టు, వెళ్లేటప్పుడే ఖర్చు రాసేసుకోవాలి. తిరిగి వస్తే సరే, రాకపోతే ఏమీ పాడవకూడదు. అద్దె, ఫీజు, ఇంటికి పంపాల్సిన డబ్బు, చీటీ వాయిదా, క్రెడిట్ కార్డు మీది అప్పు, వీటిలో ఏ ఒక్కదాన్నీ తాకకూడదు. అప్పు ఉన్నవారికి, మత్తుపానీయాల అలవాటు అదుపులో లేనివారికి, గతంలో ఒకసారి జూదంలో చిక్కుకున్నవారికి ఈ కొలతలు కూడా ఎక్కువే. వారికి క్షేమమైన మొత్తం సున్నా.

సమయానికి ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి, మోగగానే తెర మీద ఏముందో చూడకుండా లేవాలి. ఒంటరిగా వెళ్లకూడదు. తాగుతూ ఆడకూడదు. ఒక్కో గీతకు ఒక్క సెంటు అని రాసి ఉన్న యంత్రం చవక అనుకోకూడదు, ముప్పై గీతలూ పందెం రెట్లూ కలిపి ఒక్కో స్పిన్ ఎంతకు చేరుతుందో చూడాలి. గెలుపు వస్తే దాన్ని ఆట సొమ్ము అనుకోకుండా బయటకు తీసుకోవాలి. పోయినదాన్ని రాబట్టుకోవడానికి ఇంకా పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం. పోయిన సొమ్ము వెనుక పరుగెత్తిన చోటే చాలామందికి వినోదం వ్యసనంగా మారింది.

ఇవన్నీ పనికొచ్చే జాగ్రత్తలే. అయినా భారమంతా ఆడేవారి మీదే వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పోకీల మీద పోయే డబ్బులో సుమారు నలభై శాతం జూద సమస్య ఉన్నవారి జేబుల్లోంచే వస్తోందని ప్రొడక్టివిటీ కమిషన్ అంచనా వేసింది. ఒక్కో స్పిన్‌కు గరిష్ఠ పందెం ఒక డాలరుకు తగ్గించమని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు దేశమంతటా అమలు కాలేదు. చేయదలిస్తే ఏం చేయవచ్చో చూపిన చోట్లు మాత్రం ఉన్నాయి. నార్వే 2007లో ప్రైవేటు స్లాట్ మెషీన్లన్నిటినీ తొలగించింది. తర్వాత ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలో, ఆడేవారి పేరున్న కార్డుతో, నష్టానికి పరిమితి ఉన్న యంత్రాలనే తెచ్చింది. విక్టోరియా 2012లో పోకీలున్న పబ్బుల నుంచి, క్లబ్బుల నుంచి ఏటీఎంలను తీయించింది. 2024 ఆగస్టు నుంచి మెల్‌బోర్న్ క్యాసినో తప్ప మిగతా చోట్లన్నిటా తెల్లవారుజామున నాలుగు నుంచి ఉదయం పది వరకు యంత్రాలు ఆపేయిస్తోంది. ఆ క్యాసినోలో పోకీలు ఆడాలంటే కార్డు, ముందే పెట్టుకున్న పరిమితి తప్పనిసరి. నిర్ణయం యంత్రం ముందు కాకుండా దూరంగా జరగాలన్న సూత్రాన్నే ఈ చట్టాలు వ్యక్తి నుంచి వ్యవస్థకు తీసుకెళ్లాయి.

హద్దు దాటిందని తెలిసేది ఎలా

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాలతో పాటు ఒకే వర్గంలో పెట్టింది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2024లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 8 కోట్ల మంది పెద్దలు ఈ స్థితిలో ఉన్నారని అంచనా వేసింది.

వైద్యులు చూసే లక్షణాలు తొమ్మిది. అదే ఉత్సాహం కోసం పందెం పెంచుకుంటూ పోవడం, తగ్గించాలని చూస్తే చిరాకు, అశాంతి రావడం, మానాలని ఎన్నోసార్లు ప్రయత్నించి విఫలమవడం, ఎప్పుడూ దాని గురించే ఆలోచన, బాధగా ఉన్నప్పుడల్లా ఆటకే పరుగెత్తడం, పోయింది రాబట్టుకోవడానికి మర్నాడు మళ్లీ వెళ్లడం, ఇంట్లోవారికి అబద్ధాలు చెప్పడం, ఉద్యోగమో చదువో సంసారమో దెబ్బతినే దాకా రావడం, డబ్బు చిక్కుల నుంచి బయటపడటానికి ఇతరుల మీద ఆధారపడటం. పన్నెండు నెలల్లో వీటిలో నాలుగు కనిపిస్తే అది వ్యసనమే. నాలుగు నిండే దాకా ఆగాల్సిన పని లేదు, ఒకటి రెండు ఉన్నప్పుడు సాయం అడిగితే బయటపడటం ఇంకా తేలిక.

ఇంట్లోవారికి కనిపించే గుర్తులు వేరుగా ఉంటాయి. జీతం పడిన రెండు రోజులకే ఖాతా ఖాళీ అవుతుంది. ఫోన్ ఎత్తని గంటలు పెరుగుతాయి. స్నేహితుల దగ్గర చేబదుళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో కారణం. తాకట్టులోకి వెళ్లిన బంగారం గురించి అడిగితే మాట మారుస్తారు. ఇంకో విషయం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పార్కిన్‌సన్స్ జబ్బుకు, కాళ్లు ఊరుకోనివ్వని జబ్బుకు ఇచ్చే ప్రామిపెక్సోల్ లాంటి కొన్ని మందుల వల్ల కొందరికి అంతకుముందు ఎన్నడూ లేని జూదపు కోరిక పుట్టుకొస్తుంది. పెద్ద వయసువారిలో హఠాత్తుగా ఈ మార్పు కనిపిస్తే వాడుతున్న మందుల సంగతి వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు సొంతంగా ఆపేయకూడదు.

సాయం దొరికే చోట్లు

ఆస్ట్రేలియాలో ఎక్కడి నుంచైనా 1800 858 858కు ఫోన్ చేయవచ్చు. రాత్రింబవళ్లు పనిచేసే ఈ సేవ ఉచితం, గోప్యం. ఆడేవారే కాదు, వారి భార్యాభర్తలు, తల్లిదండ్రులు, ఒకే ఇంట్లో ఉండే స్నేహితులు కూడా మాట్లాడవచ్చు. ఇంగ్లీషులో మనసులోని మాట చెప్పుకోలేనివారు దుబాసీ కావాలని అడగవచ్చు, లేదా ప్రభుత్వ అనువాద సేవ 131 450 ద్వారా కలపమనవచ్చు. పరువు పోతుందని, ఊళ్లో తెలిసిపోతుందని తెలుగువారిలో చాలామంది చివరి దాకా నోరు విప్పరు. ఆ మౌనం కొనసాగిన ప్రతి నెలా అప్పు పెరుగుతుంది. అవతల ఫోన్ ఎత్తే మనిషికి మన ఊరు తెలియదు, మనవాళ్లు తెలియదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు.

రెండో మెట్టు స్వీయ బహిష్కరణ. ఆడకుండా తనను అడ్డుకోమని మనిషి తానే సంతకం చేసి ఇచ్చే ఏర్పాటిది. ఫోటో, వివరాలు ఇస్తే, ఎంచుకున్న క్లబ్బులు, పబ్బులు తమ పోకీల గదిలోకి రానివ్వవు. తరచూ వెళ్లే ఒక్క చోటే కాకుండా ఇంటికి, పనికి, దారికి దగ్గరున్న అన్ని చోట్లనూ ఒకేసారి చేర్చడం మంచిది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 2023 ఆగస్టులో మొదలైన బెట్‌స్టాప్ అనే జాతీయ జాబితా ఆన్‌లైన్, ఫోన్ పందేలకే వర్తిస్తుంది, పోకీలకు కాదు. అందులో పేరు రాసుకుని పని అయిపోయిందనుకోకూడదు. బ్యాంకు యాప్‌లో జూదం చెల్లింపులు ఆపే సౌకర్యం కూడా చాలా బ్యాంకులు ఇస్తున్నాయి. అది ఏటీఎం నుంచి నగదు తీయడాన్ని ఆపదు, కాబట్టి రోజువారీ నగదు పరిమితిని కూడా తగ్గించుకోవాలి. కొంతకాలం జీతం ఖాతా బాధ్యతను నమ్మకమైన మనిషికి అప్పగించినవారికి మొదటి నెలలు గట్టెక్కడం సులువవుతుంది.

అప్పుల సంగతి విడిగా చూడాలి. కొడుకు అప్పులు తీర్చడానికి ఊళ్లో పొలం అమ్మి డబ్బు పంపే తల్లిదండ్రులు ఉన్నారు. ప్రేమతో చేసిన ఆ పని చాలాసార్లు జబ్బుకు మేత అవుతుంది. అప్పు తీరగానే కొత్త పందేనికి దారి తెరుచుకుంటుంది. డబ్బు ఇవ్వాలనుకుంటే చేతికి ఇవ్వకుండా నేరుగా ఇంటి యజమానికో, కాలేజీకో, అప్పు ఇచ్చినవారికో కట్టాలి. అది కూడా చికిత్స మొదలయ్యాకే. ఆస్ట్రేలియాలో 1800 007 007 నంబరులో ఉచితంగా ఆర్థిక సలహాదారులు దొరుకుతారు. అప్పులవారితో మాట్లాడి వాయిదాలు సర్దుబాటు చేయించడం వారి పని.

చికిత్సలో బాగా పనికొస్తున్నది ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్. ఇక రావాలి, నాకు చేయి తిరిగింది లాంటి నమ్మకాలను మనిషి తానే పట్టుకుని ప్రశ్నించడం నేర్పుతారు. ఏ గంటలో, ఏ మనఃస్థితిలో కోరిక పుడుతుందో గుర్తించి ఆ గంటను వేరే పనితో నింపడం అలవాటు చేస్తారు. జూద వ్యసనానికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. తోడుగా కుంగుబాటో ఆందోళనో ఉంటే వాటికి వైద్యం అందుతుంది, కొందరికి డాక్టర్లు నాల్ట్రెక్సోన్ ఇస్తారు. 1957లో లాస్‌ఏంజెలెస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. అదే దారిలో నడిచి వచ్చినవారి మధ్య కూర్చుని మాట్లాడటం కొందరికి డాక్టరు గది కంటే తేలికగా ఉంటుంది. మానేశాక మళ్లీ ఒకసారి జారడం ఈ జబ్బులో మామూలే. జారిన మర్నాడే కౌన్సెలర్‌కు చెప్పినవారు త్వరగా తేరుకుంటారు, దాచినవారు పాత చోటికే చేరతారు.

అప్పుల భారంలో, సిగ్గులో చనిపోవాలన్న ఆలోచన రావచ్చు. అది అత్యవసర పరిస్థితి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14, ప్రాణాపాయం ఉంటే 000.

ఇతర దేశాల్లోని తెలుగువారికి, బ్రిటన్‌లో 0808 8020 133, అమెరికాలో 1-800-426-2537 నంబర్లు జూద సమస్యల కోసమే ఉన్నాయి.

భారతదేశంలో చట్టబద్ధమైన స్లాట్ మెషీన్లు గోవా, సిక్కిం లాంటి కొద్ది చోట్లకే పరిమితం. కానీ ఫోన్‌లోని ఆటలకు సరిహద్దులు లేవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. విదేశాల నుంచి నడిచే స్లాట్ యాప్‌లు, వెబ్‌సైట్లు అయినా రకరకాల పేర్లతో వస్తూనే ఉన్నాయి. వాటిలో తిరిగి చెల్లించే శాతం ఎంతో తనిఖీ చేసేవారు లేరు, గెలిచింది చేతికి రాకపోతే అడగడానికి చోటు లేదు. ఇలాంటి చట్టవిరుద్ధమైన యాప్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు కేసు భయంతో సాయానికి వెనకాడుతుంటారు. మానసిక సాయం అడగడానికి ఆ భయం అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఎప్పుడైనా చేయవచ్చు, ఖర్చు లేదు. అవసరమైతే వారే దగ్గరలోని మానసిక వైద్యుల దగ్గరికి దారి చూపుతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలోనూ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ వ్యసనాలకు వైద్యం చేస్తారు. ఆడేవారు ఒప్పుకోకపోయినా ఇంట్లోవారు తమంతట తాము 14416కు ఫోన్ చేసి, డబ్బు ఎలా కాపాడుకోవాలో, ఆ మనిషితో ఎలా మాట మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోవచ్చు.